స్క్రమ్ మాస్టర్ కోర్సు ఇప్పుడే చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ ఫైనల్ ఇయర్. స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ ఉంటే కోడింగ్ అంతగా రాకపోయినా ఐటీ ఉద్యోగం వస్తుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. అసలు స్క్రమ్ అంటే ఏమిటి? కోర్సుకు డబ్బు కట్టమంటారా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: డబ్బు ఇప్పుడే కట్టకండి. అమ్మాయిని స్క్రమ్ మాత్రం తప్పకుండా నేర్చుకోమనండి. దానికి పైసా ఖర్చు లేదు.

స్క్రమ్ అనేది సాఫ్ట్‌వేర్ టీమ్‌లు పనిచేసే ఒక పద్ధతి. ఆ పద్ధతిలో టీమ్ పని సాఫీగా సాగేలా చూసే మనిషే స్క్రమ్ మాస్టర్. పనికి అడ్డం వచ్చేవాటిని తొలగించాలి, అవసరమైతే పైవాళ్లతో మాట్లాడి ఒప్పించాలి. టీమ్‌లో కొన్నాళ్లు పనిచేయనిదే ఇది అబ్బదు. అందుకే కంపెనీలు ఫ్రెషర్లను మామూలుగా డెవలపర్లుగానో టెస్టర్లుగానో తీసుకుంటాయి. ‘కోడింగ్ రాకపోయినా’ అన్న మాట నమ్మి ఫైనల్ ఇయర్ పోగొట్టుకునే పిల్లల్ని చూస్తే చాలా బాధేస్తుంది. మీ అమ్మాయికి ఆ పరిస్థితి రానివ్వకండి.

ఇక స్క్రమ్ గురించి. సాఫ్ట్‌వేర్ మొత్తం తయారుచేసి చివర్లో ఒక్కసారే చూపిస్తే, తప్పులు బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని పనిని నెలకు మించని గడువులుగా విడగొట్టి, ప్రతి గడువులోనూ నిజంగా పనిచేసే ఒక భాగం పూర్తిచేస్తారు. ఆ గడువే స్ప్రింట్. చాలా టీమ్‌లు రెండు వారాలు పెట్టుకుంటాయి. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో ఈ పద్ధతిని ఒక సదస్సులో వివరించారు. నియమాలన్నీ వాళ్లే రాసిన స్క్రమ్ గైడ్‌లో ఉన్నాయి. 2020 నాటి కూర్పు పదిహేను పేజీలు కూడా ఉండదు, నెట్‌లో ఉచితం. ముందు అది రెండుసార్లు చదవమనండి. యూట్యూబ్ వీడియోలు తర్వాత చూడొచ్చు.

చదివింది ఒంటబట్టాలంటే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును మించిన అవకాశం లేదు. ఉదాహరణకు నలుగురు కలిసి కాలేజీ బస్సు ఎక్కడుందో చూపించే యాప్ చేస్తున్నారనుకుందాం. యాప్‌లో ఏమేం ఉండాలో అన్నీ ముఖ్యమైనవాటి నుంచి మొదలుపెట్టి వరుసగా రాసుకోవాలి. ఇది ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్. ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్కరే తేల్చాలి. ఆ ఒక్కరే ప్రోడక్ట్ ఓనర్. స్ప్రింట్ మొదలయ్యే రోజు ‘ఈ రెండు వారాల్లో ఒక్క రూట్ బస్సు మ్యాప్ మీద కనిపించాలి’ అని లక్ష్యం పెట్టుకుని, దానికి కావలసిన పనులే తీసుకోవాలి. రోజూ పదిహేను నిమిషాలు కలిసి లక్ష్యానికి ఎంత దగ్గరయ్యామో, ఇవాళ ఏం మార్చుకోవాలో మాట్లాడుకోవాలి. ఇది పై అధికారికి హాజరు చెప్పుకునే మీటింగ్ కాదు. ఉద్యోగాల్లో చాలాచోట్ల అలా మారిపోతుంది కాబట్టి, పిల్లలు అసలు రూపం ముందే తెలుసుకుంటే మంచిది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ‘డెఫినిషన్ ఆఫ్ డన్’ గురించి. పని అయిపోయింది అనాలంటే ఏమేం జరిగి ఉండాలో ముందే రాసిపెట్టుకోవాలి: కోడ్ ఇంకొకరు చూశారా, టెస్ట్ చేశారా, వేరే ఫోన్‌లోనూ నడుస్తోందా? ‘నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది’ అంటే కుదరదు. స్ప్రింట్ చివర్లో ప్రాజెక్ట్ గైడ్‌గా ఉన్న లెక్చరర్‌కి, వీలైతే రోజూ బస్సెక్కే విద్యార్థులకు చూపించి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి బ్యాక్‌లాగ్ మార్చుకోవాలి. అది రివ్యూ. ఆ తర్వాత నలుగురే కూర్చుని, పని చేసిన తీరులో ఏం బాగు చేసుకోవాలో మాట్లాడుకోవడం రెట్రోస్పెక్టివ్. పిల్లలు మొహమాటంతో దీన్ని ఎగ్గొడతారు, ఎగ్గొట్టనివ్వకూడదు.

ఇలా మూడు నాలుగు స్ప్రింట్లు చేసిన అమ్మాయి ఇంటర్వ్యూలో ‘మొదటి రివ్యూలో ఈ లోపం బయటపడింది, తర్వాతి స్ప్రింట్‌లో ఇలా సరిచేశాం’ అని చెప్పగలదు. ఆ మాటకున్న విలువ సర్టిఫికెట్‌కు ఉండదు. ఈలోగా ఒక ప్రోగ్రామింగ్ భాష, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో పనిచేసే భాష), గిట్ (కోడ్‌లో మార్పులను భద్రపరిచే సాధనం) మీద రోజూ సాధన ఆపకూడదు.

సర్టిఫికెట్ సంగతి ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయ్యాక, ఈ దారి నచ్చితేనే చూడండి. స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్లలో సీఎస్‌ఎం (సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్)కు కోర్సులో కూర్చోవడం తప్పనిసరి. పీఎస్‌ఎం 1 (ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్, మొదటి స్థాయి)కు కోర్సు అక్కర్లేదు, నేరుగా పరీక్ష రాయొచ్చు: 60 నిమిషాలు, 80 ప్రశ్నలు, పాస్ కావాలంటే 85 శాతం. ఆ పరీక్ష పెట్టే స్క్రమ్ డాట్ ఆర్గ్ వెబ్‌సైట్‌లోనే ‘స్క్రమ్ ఓపెన్’ అనే ఉచిత టెస్ట్ ఉంది. స్క్రమ్ గైడ్ చదవడం పూర్తయ్యాక అది ఇప్పుడే రాసి చూసుకోమనండి.