అవుట్‌లుక్ భద్రతా హెచ్చరికను మాక్రోతోనే నొక్కించవచ్చా?

ఎక్సెల్ మాక్రోతో (పనులను వాటంతటవే చేయించే చిన్న కోడ్‌తో) అవుట్‌లుక్ ద్వారా బిల్లులు పంపుతుంటే, ఏదో ప్రోగ్రామ్ మీ తరఫున మెయిల్ పంపబోతోందన్న హెచ్చరిక ప్రతి మెయిల్‌కూ వస్తోందనీ, సెండ్‌కీస్‌తో (కీబోర్డు కీలను మనిషి బదులు నొక్కే ఆదేశంతో) ‘అలౌ’ నొక్కించే కోడ్ కావాలనీ అడిగారు. దయచేసి ఆ దారి పట్టవద్దు. ఆ బటన్ మొదటి కొన్ని సెకన్లు పనిచేయదు. ఈలోగా మీరు పంపిన కీలు తెరిచి ఉన్న మరో విండోలో పడవచ్చు. పైగా 1999లో మెలిస్సా, 2000లో ఐలవ్‌యూ వైరస్‌లు అవుట్‌లుక్ చిరునామాల పుస్తకాన్ని వాడుకుని వ్యాపించిన తర్వాతే, మనిషి చూడకుండా మెయిల్ పోకూడదని ఈ అడ్డు పెట్టారు.

మా కార్యాలయంలో జీతాల స్లిప్పులు ఇలాగే పంపుతాము. ఒకే మాక్రో అందరి దగ్గరా నిశ్శబ్దంగా నడుస్తుంటే, ఒక్క కంప్యూటర్‌లో మాత్రం హెచ్చరిక వచ్చేది. అందులో ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, ప్రోగ్రామాటిక్ యాక్సెస్ వరకు వెళ్లి చూస్తే, అడుగున యాంటీవైరస్ స్థితి ‘ఇన్‌వాలిడ్’ అని కనిపించింది. యాంటీవైరస్ గడువు తీరిపోయింది. దానిని పునరుద్ధరించాక హెచ్చరిక ఆగిపోయింది. అవుట్‌లుక్ 2007 నుంచి యాంటీవైరస్ సక్రమంగా ఉందని విండోస్ చెబితే, మామూలు అమరికలో ఈ ప్రశ్న రాదు. కాబట్టి మీరూ ముందుగా ఆ ఒక్క వరుసే చూడండి.

అదే పేజీలో ‘ఎప్పుడూ హెచ్చరించవద్దు’ అన్న ఎంపిక కూడా ఉంటుంది. అవుట్‌లుక్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే తప్ప అది సాధారణంగా ఎంచుకోవడానికి వీల్లేకుండా మసకగానే కనిపిస్తుంది. దానిని ఎంచుకుంటే మీ మాక్రోకే కాదు, ఆ యంత్రంలోకి చొరబడిన ఏ ప్రోగ్రామ్‌కైనా తలుపు తెరిచినట్లే కనుక, నేను దానిని ముట్టుకోను.

మెయిళ్లు కొద్దిగానే ఉంటే కోడ్‌లో ‘సెండ్’ బదులు ‘డిస్‌ప్లే’ రాయండి. మెయిల్ సిద్ధమై తెరపైకి వస్తుంది, చూసుకుని మీరే పంపవచ్చు. బిల్లుల విషయంలో ఇది మేలు కూడా, ఎందుకంటే ఒకరి బిల్లు మరొకరికి పోతే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

రాత్రివేళ టాస్క్ షెడ్యూలర్‌తో (చెప్పిన వేళకు ప్రోగ్రామ్‌ను నడిపే విండోస్ సాధనంతో) నడపాలనుకుంటే మాత్రం అవుట్‌లుక్‌ను వదిలేయండి. ఎవరూ లాగిన్ కాని చోట హెచ్చరిక వస్తే నొక్కేవారు ఉండరు, స్క్రిప్టు అక్కడే నిలిచిపోతుంది. మీ మెయిల్ సేవ అనుమతిస్తే 587 పోర్టులో ఎస్‌ఎమ్‌టీపీతో (మెయిళ్లు పంపే ప్రామాణిక పద్ధతితో) అవుట్‌లుక్ లేకుండా నేరుగా పంపవచ్చు. జీమెయిల్ అయితే రెండంచెల ధృవీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ (మీ అసలు పాస్‌వర్డ్ బదులు ప్రోగ్రామ్‌కు ఇచ్చేది) తీసుకోవాలి. ఆ పాస్‌వర్డ్‌ను కోడ్‌లో రాయకుండా పాస్‌వర్డ్‌లను భద్రపరిచే విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉంచండి.