విజిటింగ్ కార్డు మీద ఆ మాట ఎప్పుడు వేయించుకోవాలి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు.

కెమెరా కొని రెండేళ్లయింది, ఫోటోలు చూసినవాళ్లందరూ బాగున్నాయంటున్నారు, కార్డు మీద ఫోటోగ్రాఫర్ అని వేయించుకోవచ్చా అని అడిగావు. వేయించుకోవద్దనే చట్టమేమీ లేదు. దీనికి లైసెన్సు లేదు. చదువే కావాలంటే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఫోటోగ్రఫీకి బీఎఫ్‌ఏ ఉంది, కానీ ఈ పనిలో ఉన్నవాళ్లలో చాలామంది అది చదివినవాళ్లు కాదు. డబ్బులు పుచ్చుకోవడం కూడా కొలత కాదు. పైసా తీసుకోకుండా గొప్పగా తీసేవాళ్లున్నారు, లక్షలు తీసుకుని పెళ్లికూతురి కళ్లు మసకగా తెచ్చేవాళ్లూ ఉన్నారు.

నేను చూసేది ఒక్కటే. మళ్లీ దొరకని ఘడియని ఒకరు నమ్మి నీ చేతిలో పెడితే, అక్కడ వెలుతురు ఎలా ఉన్నా నువ్వు దాన్ని పట్టుకుని రాగలవా? అదృష్టం కొద్దీ ఒకసారి కాదు, పిలిచిన ప్రతిసారీ. రాగలిగిన రోజున ఆ మాట నీది. అంతవరకూ నీకు ఫోటోలు తీయడమంటే ఇష్టం, అంతే. అందులో తక్కువతనం ఏమీ లేదు. లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ 1870లలో సరదాగా కెమెరా పట్టినవాడే. తర్వాత ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, రాజా అనే బిరుదు కూడా నిజామే ఇచ్చాడు. సరదాతో మొదలవడం తప్పు కాదు, సరదా దగ్గరే ఆగిపోయి పేరు మాత్రం ముందుకి తోసుకోవడం తప్పు.

ముందు నీ దగ్గరున్న ఫోటోల్లోంచి మంచివి అనుకున్న ఇరవై తీయి. అందులో అరకు పొగమంచు, పాపికొండల సూర్యోదయం, చార్మినార్ దీపాలు పక్కన పెట్టేయి. అవి ఆ చోటు ఇచ్చిన ఫోటోలు, ఆ పొద్దున అక్కడ ఎవరు నొక్కినా సగం వచ్చేవి. ఒకే రోజు తీసినవాటిలో ఒక్కటే ఉంచు. ఇప్పుడు ఎన్ని మిగిలాయో చూడు. ఆరేడు వేర్వేరు సందర్భాల్లో, ట్యూబులైటు కింద, మిట్టమధ్యాహ్నం ఎండలో, వాన మబ్బులో తీసినవి పదయినా మిగిలితే నీ చెయ్యి కుదురుతున్నట్టు. రెండో మూడో మిగిలితే కంగారుపడకు, ఏం నేర్చుకోవాలో తెలిసింది కదా.

తర్వాత ఒక నోటు పుస్తకం పెట్టుకో. బయటికి వెళ్లేముందు ఆ రోజు ఏ ఫోటో తీసుకురావాలో ఒక్క వాక్యంలో రాయి. ‘రైతుబజారులో కూరలు తూచే చెయ్యి, ముల్లు కదులుతుండగా, వెనక జనం మసకగా’ ఇలాగ. దాని కింద షటర్ (వెలుతురుని ఎంతసేపు రానివ్వాలి), అపర్చర్ (లెన్స్ ఎంత తెరవాలి), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలి) ఎంత పెడతావో ముందే అంచనా వేసి రాసుకో. తిరిగొచ్చాక నిజంగా ఎంత పెట్టాల్సి వచ్చిందో పక్కన రాయి. పదిసార్లకి ఏడుసార్లు రాసుకున్న ఫోటో దొరకాలి, అంచనాకీ అసలుకీ తేడా ఒక స్టాపు, అంటే వెలుతురులో రెట్టింపో సగమో, దాటకూడదు. కనబడినదల్లా తీసి ఇంటికొచ్చి ఏరుకోవడం ఒక అలవాటు, అనుకున్నది తేవడం ఇంకో విద్య. పిలిచి పని చెప్పేవాళ్లకి కావలసింది రెండోది.

ఫోటో చెడితే ఎందుకు చెడిందో కూడా చెప్పగలగాలి. మసక అంతా ఒకటి కాదు. స్తంభం, మనిషి, వెనక గోడ అన్నీ ఒకే వైపుకి సాగి ఉంటే కదిలింది నీ చెయ్యి. స్తంభం కత్తిలా ఉండి మనిషి చెయ్యి మాత్రం సాగితే షటర్ వేగం చాలలేదు. చెవి కమ్మ మీద నగిషీ స్పష్టంగా కనిపిస్తూ కళ్లు మెత్తగా ఉంటే ఫోకస్ జారింది. లెన్స్ బాగా తెరిచి ఎఫ్/1.8లో దగ్గరగా తీస్తే కన్నుకీ చెవికీ మధ్య దూరం కూడా ఎక్కువే అవుతుంది, ఎఫ్/2.8కో ఎఫ్/4కో వెళ్లు. ఫోటో మొత్తం పాల పొర కమ్మినట్టుంటే లెన్స్ మీద వేలిముద్రో, ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి వచ్చినప్పుడు పట్టిన తేమో. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఇది రోజూ ఉండేదే. బయటికొచ్చాక అరగంటసేపు సంచి జిప్పు తీయకు, గాజు మెల్లగా వేడెక్కనీ.

ఇక నువ్వు అసలు అడగాలనుకున్నది పెళ్లి సంగతి, నాకు తెలుసు. మన దగ్గర ఫోటోగ్రాఫర్‌కి పరీక్ష పెళ్లే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

కల్యాణ మండపంలో మొదటి శత్రువు ఎల్‌ఈడీ లైట్లు. మన కరెంటు 50 సైకిల్స్ కాబట్టి నాసిరకం బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షటర్‌ని సెకనులో 1/400 వంతుకి పెట్టి వరసగా నాలుగు తీస్తే ఒకటి వెలుతురుగా, ఒకటి చీకటిగా, ఒకటి పసుపుపచ్చగా వస్తుంది. చప్పుడు లేని సైలెంట్ షటర్ పెట్టావంటే ముఖాల మీద అడ్డంగా చారలు పడతాయి. అందుకే సైలెంట్ షటర్ ఆపేసి 1/100 పెట్టు, ఈ మినుకుని తప్పించే యాంటీ ఫ్లికర్ ఉంటే వేసుకో. స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే దాని మినుకు వేరు. ఒక గంట ముందే వెళ్లి 1/60 నుంచి 1/250 దాకా ఒక్కొక్కటి తీసి, పెద్దది చేసి చూసుకో.

రెండోది షామియానా గుడ్డ. ఎర్ర, పసుపు గుడ్డ కింద ఫ్లాష్‌ని పైకెత్తి కొడితే వెలుగు ఆ రంగు పూసుకుని ముఖాల మీదకి దిగుతుంది. పది పన్నెండు అడుగుల ఎత్తులో తెల్ల సీలింగు ఉంటేనే పైకి కొట్టు. గుడ్డ పందిరి అయితే ఫ్లాష్‌ని స్టాండు మీద పక్కకి పెట్టి, ముందు తెల్ల గొడుగో సాఫ్ట్‌బాక్సో ఉంచు. చుట్టూ పసుపుపచ్చటి బల్బులుంటే ఫ్లాష్‌కి నారింజ రంగు జెల్ (వెలుతురు దూరే రంగు కాగితం) కట్టి, రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని 3200 కెల్విన్ దగ్గర పెట్టు. లేకపోతే ముఖం నీలంగా, వెనకంతా నారింజగా వస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్లో ఎంత లాగినా రెండూ కలిసి దారికి రావు.

మధుపర్కాలు ఇంకో పరీక్ష. కెమెరా మీటర్ తెలుపుని చూస్తే దాన్ని బూడిద రంగుకి దించాలని చూస్తుంది. ఇద్దరూ తెల్ల బట్టల్లో ఫ్రేము నిండా ఉంటే ఫోటో చీకటిగా వస్తుంది, ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1 స్టాపు దాకా పెంచి ఇవ్వాలి. అయితే అక్కడే ఆగకు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత వెలుతురు పడ్డాయో విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి ఎర్ర గీత చూడు. ఎర్రంచు, పసుపు, కుంకుమ ఉన్నచోట మిగతా రెండూ బాగానే ఉండి ఎరుపు ఒక్కటే కుడి గోడకి గుద్దుకుంటుంది. మామూలు తెల్ల హిస్టోగ్రామ్‌లో అది కనబడకపోవచ్చు. ఎరుపు పోతే కుంకుమబొట్టులో ఆ పొడి గరుకు పోయి ప్లాస్టిక్ బిళ్ల అంటించినట్టుంటుంది. ఎరుపు ఆగేదాకా మూడో వంతు స్టాపు చొప్పున తగ్గించు. కెమెరా దిద్దకుండా దాచే రా ఫైలు తీస్తే ఇక్కడ కొంత కాపాడుకోవచ్చు, జేపెగ్‌లో పోయింది పోయినట్టే.

జీలకర్ర బెల్లం దగ్గర అడ్డుతెర దిగేది లిప్తపాటు. తెరకి ఏ ఒక్క వైపున నిలబడినా నీకు ఒక్క ముఖమే దొరుకుతుంది. తెర అంచు నీకు సన్నని గీతలా కనిపించే చోట నిలబడితే ఇద్దరూ పక్కవాటంగా ఫ్రేములో ఉంటారు. ఆ చోట సాధారణంగా పంతులుగారో వీడియో ఆయనో ఉంటారు. ముందే వెళ్లి పంతులుగారికి నమస్కారం పెట్టి ఎటు కూర్చుంటారో అడుగు, వీడియో ఆయనతో మాట్లాడి చెరో మూల పంచుకో. ముహూర్తానికి పదిహేను నిమిషాల ముందు నుంచి అక్కడినుంచి కదలకు. అక్షింతలు పడేటప్పుడు ఫోకస్ గింజల మీదకి ఎగురుతుంది. కళ్లని తనంతట వెతికే ఐ ఫోకస్‌ని నమ్ముకోకుండా ముందే కంటి మీద పట్టి లాక్ చేసుకో.

మంగళసూత్రానికి మూడు ముళ్లు ఉన్నాయి, మూడు రకాల ఫోటోలకి వాడుకో. మొదటి ముడికి వేళ్లు, పసుపుతాడు, ఎత్తిపట్టిన జడ దగ్గరగా. రెండో ముడికి వంచిన తల కింద పెళ్లికూతురి ముఖం, దానికి నువ్వు మోకాళ్ల మీద కూర్చోవాలి. మూడో ముడికి వెనక్కి జరిగి, లేచిన చేతులూ అక్షింతలూ తల్లిదండ్రుల ముఖాలూ అన్నీ వచ్చేలా వెడల్పుగా. కొత్తవాళ్లు మూడు ముళ్లూ ఒకే చోట బిగుసుకుని నలభై ఫోటోలు తీస్తారు, తీరా చూస్తే అన్నీ ఒక్కటే.

తలంబ్రాలకి 1/100 పనికిరాదు, గింజలు గీతల్లా సాగుతాయి. గింజ గాలిలో గింజగా నిలవాలంటే చుట్టూ ఉన్న వెలుతురు రెండు స్టాపులు తక్కువగా వచ్చేలా సెట్ చేసి ఫ్లాష్‌ని 1/8 పవర్‌లో పేల్చు. ఆ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనుని కొన్ని వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగం సేపే కాబట్టి గింజని ఆపేది అదే. షటర్ మాత్రం సింక్ స్పీడు (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం) దాటనివ్వకు, చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250.

గ్రూపు ఫోటోల గురించి మూడే ముక్కలు. మూడు వరసలుంటే ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8. ఇరవై మంది ఉంటే కనీసం ఎనిమిది తీయి, ఎవరో ఒకరు రెప్ప వేస్తారు. బాగా వెడల్పుగా చూపే 16 ఎంఎం లెన్స్‌తో తీసి చివర్లో నిలబడ్డ అత్తయ్యలని అడ్డంగా సాగదీయకు.

బ్యాటరీలు నాలుగు, రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి రాసుకునే కెమెరా, రెండో కెమెరా బాడీ అద్దెకైనా సరే. 24 మెగాపిక్సెల్ రా ఫైలు ఇంచుమించు 30 ఎంబీ, 64 జీబీ కార్డులో రెండు వేలు పడతాయి. కెమెరా రెండైతే గడియారాలు సెకనుతో సహా కలుపు, లేకపోతే ఆల్బమ్‌లో తాళి తర్వాత తెర దిగుతుంది. ఇంటికి రాగానే రెండు హార్డ్ డిస్కుల్లోకి దించి, ఒకటి వేరే ఇంట్లో పెట్టు. ఆల్బమ్ చేతికిచ్చేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

ఆల్బమ్‌కి 12×36 అంగుళాల షీట్లే ఎక్కువ నడుస్తున్నాయి. అందులో సగం నిండాలంటే 12×18 అంగుళాలు, అంగుళానికి 300 చుక్కల చొప్పున 5400×3600 పిక్సెళ్లు కావాలి. నీ ఫోటో 6000×4000. దూరంగా నిలబడి తీసి, అటూ ఇటూ సగానికి కత్తిరిస్తే మిగిలేది 3000×2000. ఫోన్లో బాగానే కనబడుతుంది, షీటు మీద పిండి చల్లినట్టు ఉంటుంది. ప్రింటు ల్యాబ్‌కి ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలోనే పంపు. అడోబ్ ఆర్‌జీబీ పంపితే చాలా చోట్ల పట్టుచీర రంగులు వెలిసిపోయినట్టు వస్తాయి. ముందు ఒకే ఒక్క షీటు ప్రింటు తీయించి చూసుకో. అది నీ మానిటర్ మీదకన్నా చీకటిగా వచ్చిందంటే చాలాసార్లు తప్పు ల్యాబ్‌ది కాదు, నీ మానిటర్ బ్రైట్‌నెస్ ఎక్కువుంది.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. చామనఛాయ ముఖాన్ని తెల్లగా చేయకు. ఎవరైనా అడిగినా నచ్చజెప్పు. వెలుతురు ముఖానికి సరిపడా ఇచ్చి తీస్తే ఆ రంగులోనే నిగారింపు ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి బిడ్డ ఆల్బమ్ తెరిస్తే అందులో వాళ్లమ్మ కనబడాలి, వేరే ఎవరో కాదు.

నమ్మకం సంగతి కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, నువ్వు కాదు. కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలంటే ముందే కాగితం మీద అనుమతి తీసుకో. అదే కాగితంలో తేదీ, గంటలు, ఎన్ని ఫోటోలు, ఎప్పటికిస్తావు, అడ్వాన్సు ఎంత అన్నీ రాయి. ఓణీల ఫంక్షన్ ఫోటోలైతే తల్లిదండ్రులు సరేనన్నా ఆ పిల్లని కూడా అడుగు. పిల్ల వద్దంటే వద్దు. దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి దాన్ని ఒక మహిళ చేతుల్లో పెట్టాడు. కెమెరా ముందుకి రావడానికి వాళ్లకి ఏం అడ్డమో ముందు ఆలోచించాడు కాబట్టే రాజుల ఇళ్లవాళ్లు నమ్మారు.

ముహూర్తం పని మాత్రం ఇప్పుడే ఒప్పుకోకు. నాలుగైదు పెళ్లిళ్లలో రెండో కెమెరాగా వెళ్లు, డబ్బు అడగొద్దు. బాధ్యతంతా మీద వేసుకునే మొదటి పని బారసాలో అన్నప్రాశనో అయితే మేలు. ఒకటే గది, ముప్పై మంది, రెండు గంటలు. అయినా ఉయ్యాల్లో వేసే ఘడియ ఒక్కసారే వస్తుంది కాబట్టి పరీక్ష పరీక్షే.

వచ్చే నెల మీ పక్కింటివాళ్ల బారసాల ఉందన్నావు కదా, అది ఒప్పుకో. అయ్యాక ఏరకుండా, దిద్దకుండా కార్డులో ఉన్నవన్నీ ఉన్నట్టే పట్టుకురా, ఆ నోటు పుస్తకం కూడా తీసుకురా. ఉయ్యాల దగ్గర తీసిన మొదటి ఫోటో నుంచి చివరి ఫోటో దాకా వరసగా కూర్చుని చూద్దాం. విజిటింగ్ కార్డు అచ్చుకి ఇవ్వడం గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మావయ్య