"ఎలాగూ కడుతున్నాం కదా" అని పది గదులు కట్టకండి

ప్రశ్న: నది ఒడ్డున మూడు గదుల హోమ్‌స్టే నడుపుతున్నాను. వరదకి కింది అంతస్తు మునిగి తొమ్మిది నెలలు మూతపడింది. ఆరుగురు పనివాళ్లు, అందులో నలుగురు ఊళ్లోని ఆడవాళ్లే. ఈసారి పర్యావరణానికి చేటు లేకుండా, అందరికీ పనికొచ్చేలా కట్టాలని ఉంది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి అనువైన గదులు, సోలార్, మురుగునీటి శుద్ధి, ఊరివాళ్లకే ఉద్యోగాలు. ఎలాగూ కడుతున్నాం కదా, పది గదులు చేసేద్దామనుకుంటున్నాను. బీమా డబ్బు మొత్తం మార్జిన్ కింద (అంటే లోనుకి మనం పెట్టాల్సిన సొంత వాటాగా) పెట్టి, మిగతాదానికి సొంతిల్లు తాకట్టు పెడతాను. లోను వచ్చేలోపు పని ఆగకూడదని ఒక యాప్‌లో కొంత అప్పు తీసుకున్నాను. మీ సలహా?

జవాబు: వద్దండీ. మీ ఉద్దేశం మంచిదే, నాకు భయం వేస్తున్నది ఆ "ఎలాగూ కడుతున్నాం కదా" దగ్గర. దెబ్బ తిన్నవాళ్లు మళ్లీ లేచేటప్పుడు ఇదే మాట అనుకుంటారు, పోయినదానికి మూడింతలు కట్టి పోయినదంతా రాబట్టుకుందామనుకుంటారు. మీ ఉత్తరం ఎంచుకున్నది అందుకే.

మీరు పంపిన లెక్క కాగితం చూశాను. 12 నెలలకీ వరసగా 70 శాతం గదులు నిండుతాయని రాసుకున్నారు, వరద వచ్చిన నెలకి కూడా 70 అనే ఉంది! మీ అంకెల్నే తిరగేసి చెప్తాను. పది గదులు 70 శాతం నిండితే నెలకి 100 వస్తుందనుకుంటే, ఈఎంఐకి 35, జీతాలకి 30, కరెంటు, లాండ్రీ, మరమ్మతులకి ఓ 12 పోగా మీకు 23 మిగులుతుంది, బాగానే ఉంది. గదులు 50 శాతమే నిండితే వచ్చేది 71, పోయేది 77, అంటే చేతి నుంచి పెట్టుకోవాలి. ఇది వరదో భూకంపమో వచ్చిన నెల కాదు, కాస్త చప్పగా నడిచిన మామూలు నెల. పైగా మూతబడ్డాక మళ్లీ తెరవగానే వచ్చే మొదటి రద్దీని చూసి ఏడాదంతా ఇలాగే ఉంటుందనుకుంటారు, ఇన్నాళ్లూ ఆగినవాళ్లంతా ఒకేసారి వస్తారు కాబట్టి ఆ రద్దీ, అది సీజనుతోనే పోతుంది.

పర్యాటకం తిరిగి రాదని నేననను, వస్తుంది, కాకపోతే దానికి మీ ఈఎంఐ తేదీ తెలీదు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ లెక్కల్లో 2019లో దేశాలు దాటిన ప్రయాణికులు దాదాపు 146 కోట్లు, 2020లో అది 40 కోట్ల దగ్గరికి పడిపోయింది, మళ్లీ 140 కోట్లకి చేరేసరికి 2024 వచ్చింది. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 2020 మొదట్లో లాడ్జి నడిపే ఒకాయనకి ఆర్నెల్ల ఖర్చు పక్కన పెడితే చాలని ధీమాగా చెప్పాను. ఏడో నెలలో ఫోన్ చేసి "ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి పర్యాటకం మీద బతికేవాళ్లకి ఆర్నెల్లు అన్న మాటే నేను వాడటం లేదు.

మీరు కట్టాలనుకుంటున్న రకం పర్యాటకానికైతే ఇంకా ఎక్కువ నిల్వ కావాలి, ఈ సంగతి ఎవరూ చెప్పరు. థాయిలాండ్‌లో మాయా బే అనే చిన్న బీచ్ ఉంది. జనం తాకిడికి పగడపు దిబ్బలు దెబ్బతిని, 2018 జూన్‌లో నాలుగు నెలలని చెప్పి మూశారు. తెరిచింది 2022 జనవరిలో. ఇప్పుడు కూడా ఒక్కసారి ఎంతమంది రావాలో పరిమితి ఉంది, పడవలు బీచ్ ముందుకి రానివ్వరు, ఏటా ఆగస్టు, సెప్టెంబర్లలో పూర్తిగా మూసేస్తారు. ప్రకృతిని కాపాడుకుంటూ నడపడమంటే ఇదే, కావాలనే తక్కువమందిని రానిచ్చి, కొన్ని నెలలు కావాలనే తలుపులు మూసుకోవడం. నెలకి 35 ఈఎంఐ నెత్తిన పెట్టుకుని ఆ పని మీరు చెయ్యగలరా? వాయిదా తేదీకి రెండ్రోజుల ముందు నలభైమందితో బస్సు వచ్చి లౌడ్ స్పీకరు పెట్టుకుంటామంటే వద్దని పంపేస్తారా? పంపరు, ఆ స్థానంలో ఉంటే నేనూ పంపను.

జీతాల సంగతికొద్దాం. ఊరివాళ్లకి ఉద్యోగాలని రాశారు, సంతోషం. ప్రపంచవ్యాప్తంగా పర్యాటక రంగంలో పనిచేసేవాళ్లలో 54 శాతం ఆడవాళ్లేనని అదే సంస్థ 2019 నివేదికలో ఉంది, ఎక్కువగా తక్కువ జీతాల పనుల్లో. మూతపడగానే మొదట ఇంటికి పంపేదీ వాళ్లనే. ఆ తొమ్మిది నెలలు మీ నలుగురికీ ఏమిచ్చారో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, తప్పుపట్టడం లేదు, ఇవ్వడానికి మీ దగ్గర లేకపోయి ఉండొచ్చు. అందుకే అంటున్నాను, అందరినీ కలుపుకుపోవడమంటే నా లెక్కలో బ్యాంకులో విడిగా పడి ఉన్న జీతాల డబ్బు. మీ కుటుంబానికి 12 నెలల ఖర్చు ఒక ఖాతాలో, ఆరుగురికి కనీసం సగం జీతం చొప్పున 12 నెలలది ఇంకో ఖాతాలో పెట్టండి. రెండూ కలిపేయకండి, కలిపితే పిల్లల ఫీజు వచ్చిన నెల జీతాల డబ్బు మాయమవుతుంది.

అది ఎక్కణ్నుంచి తేవాలంటే, బీమా డబ్బులోంచే. మొదట యాప్ అప్పు ఈ వారంలోనే తీర్చి ఖాతా మూయించండి. రోజుల మీద వడ్డీ లెక్కేసే అప్పుతో ఇటుక పేర్చడమేంటండీ, మీరు కడుతున్నది సంపాదన మొదలుపెట్టడానికే ఏడాది పట్టే కట్టడం! తర్వాత ఆ రెండు ఖాతాలూ నింపండి, మిగిలినదాంతో పాత మూడు గదుల్నే సరిగ్గా కట్టండి. చక్రాల కుర్చీకి వీలు చెయ్యడానికి పది గదులు అక్కర్లేదు. తలుపు చట్రాలు ఇంకా బిగించలేదు కాబట్టి అడ్డంగా 80 సెంటీమీటర్లకి పైగా ఖాళీ వచ్చేలా ఇప్పుడే వెడల్పు పెంచుకుంటే పెద్దగా ఖర్చవదు, అదే రెండేళ్ల తర్వాతైతే గోడ పగలగొట్టాలి. గుమ్మం అడుగు ఎత్తుంటే వాలుదారి పన్నెండు అడుగులుండాలి, ఆ చోటు ఇప్పుడే వదలండి. మురుగునీటి శుద్ధి కూడా ఇప్పుడే చెయ్యండి. ఫిలిప్పీన్స్‌లో బొరాకాయ్ దీవిని 2018లో ఆర్నెల్లు మూసింది ప్రధానంగా సముద్రంలోకి వదిలిన మురుగు వల్లే, అక్కడ ఏ తప్పూ లేని హోటళ్లు కూడా మూతపడ్డాయి. సోలార్ వచ్చే ఏడాది చూద్దురుగానీ.

పాలసీ కూడా ఒకసారి తీసి చదవండి. మీది కట్టడానికే ఉందా, ఆగిపోయిన ఆదాయానికి కూడా ఉందా? ఆదాయానికి ఉన్నా, చాలా పాలసీల్లో భవనానికి నష్టం జరిగితేనే ఇస్తారు, రోడ్డు కొట్టుకుపోయి అతిథులు రాలేకపోతే రూపాయి రాదు. నష్టం అంచనా వెయ్యనక్కర్లేకుండా, గాలి వేగమో నీటిమట్టమో ముందు రాసుకున్న గీత దాటితే డబ్బిచ్చే పాలసీలు కొన్నిచోట్ల వచ్చాయి. మెక్సికోలోని క్వింతానా రో రాష్ట్రం పగడపు దిబ్బల కోసం ఇలాంటిది తీసుకుంటే 2020లో డెల్టా తుపాను తర్వాత డబ్బు అందింది, ఆ డబ్బు దిబ్బల బాగుకే వాడారు. మీలాంటి ఒక్కరికి అది దొరకడం కష్టం, నలుగురు హోమ్‌స్టే వాళ్లు కలిసి అడిగితే ఏజెంటు వింటాడేమో చూడండి. విపత్తు తర్వాత ఇచ్చే సబ్సిడీలు వస్తే తీసుకోండి, వస్తాయని లెక్కలో మాత్రం రాసుకోకండి.

మిగతా ఏడు గదుల విషయం, రెండు సీజన్లు గడిచాక, జీతాల ఖాతా చెక్కుచెదరకుండా ఉంటే, ఒక్కో గది చొప్పున, ఇల్లు తాకట్టు పెట్టకుండా మాట్లాడుకుందాం. పది గదుల పునాదికి కాంట్రాక్టరుకి అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి ఆపండి, అందులో కొంత పోయినా సరే.