కౌగిలింతకు తొందరపడకు, తమ్ముడూ

తమ్ముడూ, ప్రభువు పేరిట వందనాలు.

తెల్లవారి సంఘం, నల్లవారి సంఘం సయోధ్య కోసం కలిసి వేసుకున్న కమిటీలో నిన్ను కూడా తీసుకున్నారని చెప్పావు. సంతోషమే. కానీ "మనం ఏ వైపూ కాదు కదా అన్నయ్యా, మధ్యవర్తిగా బాగుంటుందట" అన్నావే, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. బాప్తిస్మం తీసుకున్నాక కూడా కులం చూసి సంబంధాలు కలుపుకునే విశ్వాసుల మధ్య పెరిగినవాళ్లం మనం. తీర్పు చెప్పే పెద్దమనిషిలా కాకుండా, నేర్చుకోవడానికి వచ్చినవాడిలా వెళ్లి కూర్చో.

ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇలాంటి కమిటీలో ఉన్నాను. వస్తూనే ఉమ్మడి ఆరాధన పెట్టేశాం. రెండు క్వయర్లూ కలిసి పాడాయి, పాస్టర్లిద్దరూ కౌగిలించుకున్నారు, ఫొటోలు దిగాం. భోజనాలయ్యాక మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్తే సింకు దగ్గర నలుగురు ఆడవాళ్లు, మోచేతుల దాకా సబ్బు నురగ. నలుగురూ నల్లవారి సంఘం నుంచి వచ్చినవాళ్లే, అంటే మా అతిథులు. మావాళ్లంతా హాల్లో కబుర్లలో ఉన్నారు. సిగ్గేసి, తువ్వాలు తీసుకుని ప్లేట్లు తుడవడం మొదలుపెట్టాను. ఒక పెద్దావిడ నా వైపు తిరగకుండానే అడిగింది: "ఇంతకీ మీ కమిటీ డబ్బు ఎవరి దగ్గరుంటుంది?" జవాబు నాకు తెలుసు. నోరు పెగల్లేదు.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీశాను. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు "మనమంతా ఒకటే, సర్దుకుపోండి" అనలేదు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! సణిగినవాళ్ల చేతికే గరిటె ఇచ్చారని నేను అర్థం చేసుకున్నాను. నువ్వూ ముందు ఇవే అడుగు: బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిది, ఎజెండా ఎవరు రాస్తారు, మీటింగులు ఎప్పుడూ ఒకే చర్చిలో ఎందుకు జరుగుతున్నాయి.

కొంచెం చరిత్ర చదువుకుని వెళ్లు. "వాళ్లు వేరే చర్చి ఎందుకు పెట్టుకున్నారో" అని ఎవరో ఒకరు అమాయకంగా అంటారు. 18వ శతాబ్దం చివర్లో, అమెరికాలో ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ మెథడిస్ట్ చర్చిలో మోకరించి ప్రార్థిస్తున్న అబ్సలోం జోన్స్ అనే నల్లజాతి విశ్వాసిని పట్టుకుని లేపారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నా వినలేదు. ఆయనా, రిచర్డ్ అలెన్, తోటి నల్లవారూ లేచి బయటికి నడిచారు. 1816లో అలెన్ నాయకత్వాన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘం ఏర్పడింది అలాగే.

ఆ సంఘానికే చెందిన చార్ల్‌స్టన్ చర్చిలో, 2015 జూన్ 17న బైబిల్ స్టడీలో కూర్చున్న తెల్ల కుర్రాడొకడు తొమ్మిది మందిని కాల్చి చంపాడు. రెండు రోజులకే, చనిపోయినవారి బంధువులు కొందరు కోర్టులో వాణ్ణి క్షమిస్తున్నామన్నారు. మీ మీటింగులో ఈ ఉదాహరణ తప్పకుండా వస్తుంది: "వాళ్లే క్షమించగా లేనిది మీకేమిటి?" అని. అక్కడ మాత్రం ఊరుకోకు. క్షమాపణ వాళ్లంతట వాళ్లు ఇవ్వాలి, చందాలా వసూలు చేసేది కాదది.

ఇక ఒప్పుకోలు తీర్మానం రాసేటప్పుడు "మా పెద్దలు తప్పు చేసి ఉంటే" అని మొదలుపెడతారు. ఆ 'ఉంటే' కొట్టేయించు. సువార్తలోని సుంకరి జక్కయ్య కూడా "తీసికొనినయెడల" అనే అన్నాడు కదా అని వాదించేవాళ్లుంటారు. అన్నాడు, కానీ ఆ నోటితోనే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. అదీ ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాక. బానిసల యజమానులను మిషనరీలుగా పంపొచ్చా అన్న తగువు మీద 1845లో విడిపోయిన సదరన్ బాప్టిస్టులు క్షమాపణ తీర్మానం చేసింది 1995లో. మేరీలాండ్ జెస్యూట్లు, అంటే కాథలిక్ గురువులు, 1838లో 272 మంది బానిసలను అమ్మారు, ఆ డబ్బులో కొంత జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులకు పోయింది. అమ్మినవాళ్ల పేర్లూ వయసులూ కాగితాల మీదే ఉన్నాయి. మీ చర్చి పాత రిజిస్టర్లు ఎవరి బీరువాలో ఉన్నాయో కనుక్కో.

మీకా 6:8లో న్యాయం పక్కనే కనికరం ఉందని మర్చిపోకు. తెల్లవారి సంఘ పెద్దల్లో ఒకాయన మొహం ఎర్రబడి "నేనెవరినీ బానిసగా పెట్టుకోలేదు" అని లేచి వెళ్లిపోతాడు. మాకూ జరిగింది. నేను అందరి ముందూ ఆయన మాట తిప్పికొట్టి, ఏదో గెలిచినట్టు కూర్చున్నాను. ఆయన మళ్లీ మీటింగుకు రాలేదు. మర్నాడు వాళ్లింటికి వెళ్లి ఓ గంట మాట్లాడి ఉంటే ఎలా ఉండేదో. అంతియొకయలో పేతురును పౌలు అందరి ముందే నిలదీశాడు నిజమే, కానీ నేను పౌలును కాను, ఆ పెద్దాయన పేతురూ కాడు.

మొదటి రెండు మీటింగుల్లో నోరు కట్టేసుకో. ఎవరు ఎంతసేపు మాట్లాడారో, అయ్యాక కుర్చీలు ఎవరు మడతపెట్టారో చూసి నాకు రాయి. మరదల్ని, పిల్లల్ని అడిగానని చెప్పు.

మీ పెద్దన్నయ్య