శ్రీ వరి సాగు మన దగ్గర పుట్టిందేనా?

కాదు, శ్రీ (SRI, సిస్టమ్ ఆఫ్ రైస్ ఇంటెన్సిఫికేషన్) అనే ఈ వరి సాగు పద్ధతి 1980ల్లో మడగాస్కర్‌లో రూపుదిద్దుకుని, 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ పొలాల్లోకి వచ్చింది. సరిహద్దు దాటింది విత్తనం కాదు, నాటే తీరు. అందుకే కొనాల్సింది తక్కువ. పక్క మడి చూసి నేర్చుకోవచ్చు. ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. 8-12 రోజుల నారును వేళ్ల మట్టితో సహా తీసి, 25 సెంటీమీటర్ల ఎడంలో కుదురుకు ఒక్క మొక్కే పైపైన నాటాలి. నీరు నిలవ ఉంచరు కాబట్టి కలుపు విపరీతం. నాటిన 10వ రోజు నుంచి పది రోజులకోసారి కలుపు తీసే వీడర్ తిప్పాల్సిందే. మడి చదునుగా లేకపోతే పల్లంలో లేత నారు మునిగి చస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తాడు పట్టి నాటడం ఆలస్యమని మన రైతులు మార్కర్ అనే పరికరంతో మడిలో గళ్లు గీసుకుంటున్నారు.

శ్రీ అంటే ఓ వంగడం అనుకుంటారు, కానీ కాదు. స్వర్ణ అయినా, సాంబ మసూరి అయినా ఇలాగే నాటుకోవచ్చు.