బ్లాక్ బాక్స్ లేని చిన్న విమానం ఎందుకు కూలిందో ఎట్ల తెలుస్తది?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నల్గొండ జిల్లా పెద్దవూర మండలం. 2022 ఫిబ్రవరి 26న మా మండలంలనే తుంగతుర్తి దగ్గర ట్రైనింగ్ విమానం కూలి, ఒక్కతే నడుపుతున్న ట్రైనీ పైలట్ అమ్మాయి చనిపోయింది. ఆ దారిన పోయినప్పుడల్లా యాదికొస్తది. 2025ల అహ్మదాబాద్ ప్రమాదమైనప్పుడు టీవీల పొద్దంతా బ్లాక్ బాక్స్ గురించే చెప్పిన్రు. చిన్న విమానాల్ల అది ఉండదంట కదా, మరి లేచిన కాసేపటికే పడిపోయి లోపలున్నోళ్లు కూడా బతకకపోతే కారణం ఎట్ల పట్టుకుంటరు? మా దిక్కు ఎవర్ని అడిగినా పైలట్‌కు నడుపుడు రాలేదనే అంటరు, నాకైతే మనసొప్పుతలేదు.

జవాబు: తమ్మీ, మనసొప్పకపోవుడే కరెక్టు. నేను చిన్న విమానాల మెయింటెనెన్స్‌ల చాన ఏండ్లు పనిచేసిన, నువ్వు చెప్పిన ఆ ఒక్క ప్రమాదం మీద నేనేం తీర్పు చెప్పను గానీ ఇసొంటి కేసుల దర్యాప్తు ఎట్ల నడుస్తదో చెప్తా.

మన దేశంల ఈ పని ఏఏఐబీది, అంటే విమాన ప్రమాదాల దర్యాప్తు చేసే సర్కారు సంస్థది, 2012ల పెట్టిన్రు, అంతకుముందు విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏనే చూసుకునేది. ట్రైనింగ్‌ల ఎక్కువ కనబడే సెస్నా 152 ఇద్దరు మనుషులు, పెట్రోల్ అన్నీ కలిపినా 760 కిలోల లోపే ఉంటది, మన ట్రాక్టర్ల సగం బరువు కూడా కాదు, అంత చిన్నదాంట్ల బ్లాక్ బాక్స్ పెట్టాలన్న రూల్ లేదు. అందుకని ఆ విరిగిన ఇనుమునే అడగాలె.

అన్నిటికంటే ముందు ప్రొపెల్లర్, అంటే ముక్కు మీద తిరిగే ఫ్యాన్ దగ్గరికి పోతరు. ఇంజిన్ మంచి పవర్ మీద ఉండంగ నేలను తాకితే ఆ ఫ్యాన్ రెక్క మెలితిరుగుతది, కొసలు ముందుకు వంగుతయ్, దాని వెడల్పు మీద అడ్డంగ గీతలు పడతయ్, మట్టిల కూడా కోసిన గుర్తులుంటయ్. అదే ఇంజిన్ ఆగిపోయి ఉంటే ఒక రెక్క వెనక్కి వంగి రెండోది దాదాపు చక్కగనే మిగులుతది. కానీ దీన్ని చూసే ఫైనల్ చేయరు, ఇంజిన్ మొత్తం విప్పి మ్యాగ్నెటో (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది), ప్లగ్గులు, కార్బ్యురేటర్ ఒక్కొక్కటి చూస్తరు. పెట్రోల్ శాంపిల్ తీస్తరు. ఈ విమానాలకు పోసే ఏవ్‌గ్యాస్ లేత నీలం రంగుల ఉంటది, నీళ్లు కలిస్తే బరువుకు అడుగున చేరతయ్, టేకాఫ్‌కు ముందు ట్యాంకు అడుగునుంచి కొంచెం పట్టి చూసేది అందుకే. విమానంల పెట్రోల్ మొత్తం కాలిపోయినా అదే పెట్రోల్ బండి నుంచి పోసుకున్న వేరే విమానాల పెట్రోల్ అయినా చూస్తరు. పాతకాలం వార్నింగ్ బల్బు దొరికితే అది కూడా సాక్ష్యమే, గుద్దుకునే టైంకు వెలుగుతుంటే లోపలి తీగ వేడి మీద సాగుతది, ఆరి ఉంటే పుటుక్కున తెగుతది.

ఇంకోటి, ఎక్కడ పడ్డా "గాల్లనే మంటలొచ్చినయ్" అని చూసినోళ్లు చెప్తరు. అబద్ధం చెప్పాలని కాదు, సప్పుడు వినంగనే తల తిప్పేసరికి మంటలే కనబడతయ్ కదా. మసి అసలు సంగతి చెప్తది, గాల్ల అంటుకుంటే మసి గాలి వాటంగ వెనక్కి పారుతది, నేల మీద అంటుకుంటే నిలువుగ పైకి పోతది.

ఇగ పైలట్ సంగతి. లేచిన వెంటనే మూడు నాలుగు వందల అడుగుల ఎత్తుల ఇంజిన్ ఆగిందనుకో, వెనక రన్‌వే ఉంది కదా అని తిరగబుద్ధయితది, అది మనిషి సహజం. కానీ 45 డిగ్రీలు వంచి తిప్పితే విమానం రెక్క గాలిని పట్టుకోవాలంటే దాదాపు 19 శాతం ఎక్కువ స్పీడ్ కావాలె, ఉన్న స్పీడేమో తగ్గుతుంటది, అక్కడ స్టాల్ అయి, అంటే రెక్కకు గాలి పట్టు పోయి, ఒక పక్కకు ఒరిగి పడుతది. అందుకే ముక్కు దించి ఎదురుగ్గా ఎక్కడ పొలం దొరికితే అక్కడ దిగమని నేర్పిస్తరు. తిప్పింది పైలటే, నిజమే, కానీ పవర్ ఎందుకు పోయింది, ఆ పరిస్థితిని ఆ పైలట్‌తోని ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేయించిన్రు, ఆఖరి సర్వీస్ ఎవరు చేసిన్రు, లాగ్‌బుక్కుల ఏముంది, ఇవన్నీ అడగకుంట చనిపోయినోళ్ల మీద రాసేసుడు నాకు అన్యాయమనిపిస్తది. ఏఏఐబీ దర్యాప్తు లక్ష్యం కూడా ఇంకోసారి కాకుండ ఆపుడే, తప్పు ఎవరి మీదనో వేసుడు కాదు, దర్యాప్తు రూల్స్‌ల ఆ మాట సాఫ్‌గ ఉంది. పోలీస్ కేసు వేరే నడుస్తది. 30 రోజులల్ల ప్రిలిమినరీ రిపోర్టు, వీలైతే ఏడాదిల ఫైనల్ రిపోర్టు ఇయ్యాలని అంతర్జాతీయ పద్ధతి.

ప్రశ్న: మా పొలంలనే పడితే మేమేం చెయ్యాలె?

జవాబు: మనుషుల్ని తీసుడే మొదటి పని, దానికి ఏ ముక్క జరిపినా, కోసినా తప్పు లేదు. పెట్రోల్ కారుతుంటది కాబట్టి బీడీ ముట్టియ్యనియ్యకుండ్రి, జనాన్ని దూరం జరపుండ్రి. ఆ తర్వాత మాత్రం ఒక్క ముక్క కూడా కదలనియ్యొద్దు, యాదికని ఇంటికి తీస్కపోవద్దు, ఫోటో కోసం స్విచ్చులు, లివర్లు ముట్టుకోవద్దు, ఎందుకంటే ఆ లివర్ ఎక్కడుందో అదే జవాబు కావచ్చు. విమానం ఎగురుతుంటే ఎవరన్న ఫోన్ల వీడియో తీసి ఉంటే కట్ చెయ్యకుండ, సౌండ్ తీసెయ్యకుండ ఉన్నదున్నట్టు పోలీసులకు ఇయ్యుండ్రి. రెండు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 సార్లు తిరిగితే సెకనుకు 80 దెబ్బల మోత వస్తది, ఆ మోత లెక్కవెట్టి ఆఖరి క్షణాల్ల ఇంజిన్ ఎంత స్పీడ్‌ల తిరుగుతుండెనో కనిపెడతరు.