ఆ మాటకు అసలు అర్థమేమిటి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అమెరికా నుంచి వచ్చిన మా మేనేజర్‌ని శనివారం మా ఇంటికి భోజనానికి పిలిస్తే "కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?" అన్నారు. ఎండ మండిపోతోంది, వాన రాదులెండి అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు, భోజనానికి మాత్రం రాలేదు. కాల్స్‌లో బాల్‌పార్క్ ఫిగర్ అంటారు, టచ్ బేస్ అంటారు. వీటి సంగతి కాస్త చెప్పండి మేడమ్.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈ మూడింటికీ పుట్టిల్లు ఒకటేనమ్మా, బేస్‌బాల్ మైదానం. వాన పడి ఆట ఆగిపోతే, టికెట్ కొన్నవాళ్ళు నష్టపోకుండా ఇంకో రోజు ఆటకు రానిచ్చే చీటీ ఒకటి అమెరికాలో 1880ల నుంచీ ఉంది. ఆ చీటీయే రెయిన్ చెక్. మీ మేనేజర్ అన్నది "ఈసారికి కుదరదు, మరోసారి వస్తాను" అని. మర్యాదగా చెప్పిన 'కాదు' అది. మీ పిలుపును తోసిపుచ్చినట్టు కాదు, కాబట్టి మనసులో పెట్టుకోకండి. అలాంటప్పుడు "నో ప్రాబ్లమ్, అనదర్ టైమ్" అంటే చాలు. పద్ధతి ప్రకారం చీటీ ఆయన దగ్గరే ఉంది, వీలైన రోజు ఆయనే చెప్పాలి. నెల దాటినా ఆ ఊసెత్తకపోతే ఇక వదిలెయ్యండి.

బాల్‌పార్క్ అంటే ఆట జరిగే మైదానమే. "గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్" అన్నప్పుడు ఆయనకు కావలసింది ఉజ్జాయింపు అంకె. బంతి ఎక్కడ పడిందో అడుగులతో సహా చెప్పమనడం లేదు, మైదానంలోనే ఉందా బయటికి పోయిందా అని అడుగుతున్నారు. ఈ మాట విని రెండు రోజులు కూర్చుని పైసలతో సహా ఎస్టిమేట్ తయారుచేసే పిల్లలు నాకు తెలుసు. అంత కష్టం అక్కర్లేదు. "ఆరు నుంచి ఎనిమిది వారాలు" అని అక్కడికక్కడే చెప్పెయ్యండి.

టచ్ బేస్ సంగతి. బేస్‌బాల్‌లో పరుగు తీసేవాడు దారిలో గుర్తుపెట్టిన చోట్లను, అంటే ఒక్కో బేస్‌నీ, తాకుతూ వెళ్ళాలి. తాకకుండా దాటేస్తే అవతలి జట్టు ఫిర్యాదు చేసి ఔట్ చేయించవచ్చు. అందుకే "లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే" అంటే సోమవారం ఓసారి పలకరించుకుందాం, పని ఎంతవరకు వచ్చిందో చూసుకుందాం అని. పొడవాటి మీటింగ్ కాదు, పది నిమిషాల మాట. రేపో ఎల్లుండో ఆయన "కర్వ్‌బాల్" అని కూడా అంటారు. గాలిలో వంకర తిరిగే బంతి అది. మనం "ఇంటర్వ్యూలో గూగ్లీ వేశాడు" అంటామే, అదే. మీరు గూగ్లీ అంటే క్రికెట్ తెలియని ఆయనకూ ఇంతే అయోమయం కాబట్టి, ఆయన దగ్గర ఆ మాట వాడకండి.

ప్రశ్న: మా లెక్చరర్ గారి నాన్నగారు పోయారు. క్లాసు తరఫున ఇంగ్లీషులో సంతాపం కార్డు రాస్తున్నాం. నా దగ్గరున్న ఇడియమ్స్ పుస్తకంలో "కిక్ ద బకెట్: చనిపోవు" అని ఉంది. కార్డులో వాడవచ్చా?
– బీకాం విద్యార్థి, భీమవరం

జవాబు: వద్దు నాయనా! పంపకముందే అడిగావు, చాలా మంచిపని చేశావు. మన దగ్గర "బాల్చీ తన్నేశాడు" అనే మాట ఉంది కదా, అది దీన్ని చూసి వచ్చిందే. లెక్చరర్ గారి ఎదురుగా నిలబడి "మీ నాన్నగారు బాల్చీ తన్నేశారటగా" అనగలవా? ఇంగ్లీషులోనూ అంతే చులకన ఉంది. అర్థం ఒక్కటే ఇచ్చి, ఎవరితో అనవచ్చో ఎవరితో అనకూడదో చెప్పకుండా వదిలేసే పుస్తకాలంటే నాకు చాలా కోపం. పోయారు, కాలం చేశారు, కన్నుమూశారు, పరమపదించారు. తెలుగులో ఇన్నింటిలో ఏది ఎక్కడ అనాలో నీకు ఎవరూ నేర్పలేదు, ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటే విని నేర్చుకున్నావు. ఇంగ్లీషును అలా వినే అవకాశం మన పిల్లల్లో చాలామందికి లేదు. ఆ లోటు పుస్తకమే తీర్చాలి, తీర్చడం లేదు.

ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో అచ్చువేసిన బజారు మాటల నిఘంటువులో ఈ మాట ఉంది, అంటే అప్పటికే అది అలగా మాట. బకెట్ అన్నది ఇక్కడ నీళ్ళ బాల్చీ కాకపోవచ్చు. ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల యాసలో, కోసిన పందిని వెనక కాళ్ళతో వేలాడదీసే దూలాన్ని బకెట్ అనేవారు. గిలగిల్లాడేటప్పుడు కాళ్ళు ఆ దూలానికి కొట్టుకుంటాయి. ఎక్కువమంది పండితులు మొగ్గేది ఈ వివరణ వైపే, తేలిన విషయం మాత్రం కాదు.

ఇంకో విశేషం. ఈ మాటను కర్మణి వాక్యంగా మార్చి "ద బకెట్ వాజ్ కిక్డ్ బై హిమ్" అంటే చావు అర్థం మాయమై ఉత్త బకెట్టూ కాలూ మిగులుతాయి. తెలుగులోనూ "బాల్చీ అతనిచేత తన్నబడింది" అని ఎవరూ అనరు. ఇడియమ్ లోపలి మాటల్ని కదిపితే అర్థం చెదిరిపోతుంది.

కార్డులో "వుయ్ ఆర్ డీప్లీ సారీ ఫర్ యువర్ లాస్" అని రాసి, కింద అందరూ మీ పేర్లు మీ చేత్తో రాయండి. అంతకు మించి అలంకారాలు వద్దు.

ప్రశ్న: "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" గురించి వాట్సాప్‌లో ఒక కథ వచ్చింది. పూర్వం ఇంగ్లండులో పిల్లులూ కుక్కలూ గడ్డి కప్పుల్లో పడుకునేవట, పెద్ద వానకు జారి కిందపడేవట. పిల్లలకు చెప్పవచ్చా?
– హైస్కూలు టీచరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చెప్పకండి మాస్టారూ. అది 1999లో ఈమెయిళ్ళలో తిరగడం మొదలుపెట్టిన కల్పన. మీ జిల్లాలో తాటాకిళ్ళు ఎరిగినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళనడగండి, జోరువానలో ఏ కుక్కైనా ఇంటి చూరు కిందికి దూరుతుందా, కప్పెక్కి కూర్చుంటుందా అని.

ఈ పోలిక పదిహేడో శతాబ్దం నాటికే ఉంది. జొనాథన్ స్విఫ్ట్ 1710లో లండన్ వాన మీద రాసిన పద్యంలో, మురుగునీటిలో చచ్చిన పిల్లులూ మునిగిపోయిన కుక్కపిల్లలూ కొట్టుకొస్తాయి. అదే స్విఫ్ట్ 1738లో అచ్చయిన సంభాషణల పుస్తకంలో ఇప్పటి రూపంలోనే ఈ మాట వాడాడు. ఎలా పుట్టిందో మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు. పిల్లలకు అదే చెప్పండి. తెలియనిదాన్ని తెలియదని టీచరు నోట వినడం వాళ్ళకు మేలు చేస్తుంది.

పనిలో పనిగా, ఈ మాటను ఇంగ్లీషువాళ్ళు మాటల్లో వాడేది తక్కువ, మన పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఎక్కువ. "ఇట్స్ పోరింగ్" అని నేర్పండి, కుండపోతకు అది సరిపోతుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా మనవరాలు నా పుట్టినరోజుకు కార్డు పంపింది. "ఐ నో ఐయామ్ ద యాపిల్ ఆఫ్ యువర్ ఐ, అమ్మమ్మా" అని రాసింది. కంటికీ యాపిల్ పండుకూ ఏమిటి సంబంధం? అడిగితే నవ్వుతుందని మీకు రాస్తున్నాను.
– ఒక అమ్మమ్మ, బాపట్ల

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి నాకెంత సంతోషమైందో! ఇంగ్లీషులో నాకు బాగా ఇష్టమైన మాటల్లో ఇదొకటి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో కంటి మధ్యనున్న నల్లగుడ్డును యాపిల్ అనేవారు. అది గుండ్రటి గట్టి వస్తువనుకునేవారు, గుండ్రంగా ఉండేవాటిని యాపిల్‌తో పోల్చడం వాళ్ళకు అలవాటు. తొమ్మిదో శతాబ్దపు ఆల్ఫ్రెడ్ రాజు అనువాదంలోనే ఇది కనిపిస్తుంది. అంటే మీ మనవరాలు "నేను నీ కంటిపాపను" అంటోంది.

అందరి నోళ్ళలోనూ నిలబెట్టింది 1611 నాటి ఇంగ్లీషు బైబిలు. ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయం పదో వచనంలో, 17వ కీర్తన ఎనిమిదో వచనంలో ఈ మాట ఉంది. మీ ఇంట్లో తెలుగు బైబిలుంటే తెరిచి చూడండి, రెండు చోట్లా 'కనుపాప' అనే ఉంటుంది. మూలంలో హీబ్రూ మాటకు 'కంటిలోని చిన్న మనిషి' అని అర్థం చెబుతారు. లాటిన్‌లో కంటిపాపను పుపిల్లా అంటారు, అంటే చిన్నారి పిల్ల, బొమ్మ. ఇంగ్లీషు ప్యూపిల్ అక్కణ్ణుంచి వచ్చిందే. గ్రీకులో కోరే అన్నా అమ్మాయే, కంటిపాపే. సంస్కృతంలో కనీనక అంటే బాలుడు, కంటిపాప కూడా. మనకైతే చెప్పనే అక్కర్లేదు, పాప అని నిత్యం పిలుస్తూనే ఉన్నాం. ఒకరి కంట్లోకి దగ్గరగా చూస్తే మన రూపమే బుల్లి బొమ్మలా కనపడుతుంది కదా. మీరు మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నప్పుడు మీ కంట్లో దానికి కనబడింది ఆ బొమ్మే. ఇన్ని జాతులవాళ్ళు అదే చూసి అదే పేరు పెట్టారు.

ఒక్క జాగ్రత్త. కంటిపాపలా చూసుకోవడమంటే మనకు పదిలంగా కాపాడుకోవడం. నేటి ఇంగ్లీషులో మాత్రం ఈ మాటకు 'అందరిలోకీ ఎక్కువ ముద్దు' అనే అర్థం ముందుకొచ్చింది. మిగతా మనవలు చదివే చోట దీన్ని రాయకండి, చిన్నబుచ్చుకుంటారు. ఆ పిల్లకు మాత్రం "యెస్, యు ఆర్" అని రెండు ముక్కలు రాసి పంపండి. ఎందుకు యాపిల్ అన్నారో కూడా మీరే చెప్పండి. దానికి తెలిసుండకపోవచ్చు.

ప్రశ్న: డాలస్‌లో పక్కింటావిడతో "నెక్స్ట్ వీక్ వుయ్ ఆర్ అవుటాఫ్ స్టేషన్" అంటే ఆవిడకు అర్థం కాలేదు. తప్పు మాట్లాడానా?
– ఒక గృహిణి, డాలస్

జవాబు: తప్పేం లేదమ్మా, ఆ మాట మన దేశంలో చెల్లేది. బ్రిటిషువాళ్ళ కాలంలో అధికారులూ సైనికాధికారులూ ఉండే చోటును స్టేషన్ అనేవారు. పనిచేసే చోటు విడిచి వెళితే అవుటాఫ్ స్టేషన్. దొరలు వెళ్ళిపోయినా మన సెలవు చీటీల్లో అది ఉండిపోయింది. అక్కడ "అవుటాఫ్ టౌన్" అనండి.

ప్రశ్న: "బైట్ ద బుల్లెట్" అనే మాట 1857లో సిపాయిలు తూటాలు కొరకడం నుంచి వచ్చిందని కోచింగ్ నోట్సులో ఉంది. నిజమేనా? గ్రూప్స్‌కు చదువుతున్నాను.
– హనుమకొండ

జవాబు: కాలం చూడు బాబూ. ఇందాక చెప్పిన గ్రోస్ నిఘంటువు 1796 కూర్పులో, కొరడా దెబ్బలు తినే సైనికుడు అరుపు బయటికి రాకుండా సీసపు గుండును నమిలేవాడని రాసి ఉంది. అది 1857కు అరవై ఏళ్ళ ముందటి సంగతి. పైగా ఎన్‌ఫీల్డ్ తుపాకి కోసం సిపాయిలు పంటితో చించవలసింది మందుగుండు చుట్టిన కాగితపు తూటాను, గుండును కాదు. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట వినబడింది ఆ తూటాల గురించే. నీ చరిత్ర పేపరుకు ఈ తేడా పనికొస్తుంది.

అర్థం: ఎలాగూ తప్పని కష్టాన్ని ఇక వాయిదా వెయ్యకుండా ఓర్చుకుని చేసెయ్యడం. మన "పంటి బిగువున" దీనికి బాగా దగ్గర. పిప్పిపన్ను పీకించుకోవడం, అప్పు తీర్చడానికి పొలం అమ్ముకోవడం, ఇలాంటి చోట వాడతారు. ఇష్టపడి చేసే సాహసానికి వాడరు. ఆప్షన్లలో "ధైర్యసాహసాలు ప్రదర్శించు" అన్నది కనబడితే దానికి మోసపోకు.